కింద మనుషులున్నామో

వకీలుకి కోపం పనికిరాదని మా సీనియర్ అంటూ ఉండేవారు. ఆయనకి సింహాచలమ్మ లాంటి క్లయింటు తగల్లేదు కాబట్టి అలా అనగలిగారు.

నా పేరు యామిని. టెక్కలి కోర్టులో సివిల్ కేసులు చూస్తాను. ఇల్లు కాశీబుగ్గలో. సింహాచలమ్మది గుల్లలపేట, పూండికి అవతల సముద్రపు ఒడ్డున. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచీ మా వీధిలో చేపలమ్ముతోంది. మా అమ్మ బేరమాడితే గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. అమ్మ మళ్ళీ పిలిస్తే వెనక్కి వచ్చి, అదే ధర ఇంకాస్త గట్టిగా చెప్పేది. ఆ మనిషి ఒకరోజు నా ఆఫీసుకొచ్చింది, ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని. వాళ్ళు కూర్చున్న బెంచీ దగ్గరికి చాలా రోజుల దాకా పిల్లులు వచ్చి పోయేవి.

వకాలత్ కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాను.

"ముందు అర్దం సెప్పు పాపా," అంది.

"వకాలత్ అంటే నీ తరఫున కోర్టులో నన్ను మాట్లాడమని రాసివ్వడం పిన్నీ. నీ నోరు నాకు అప్పగించినట్టు."

సింహాచలమ్మ పెన్ను కింద పెట్టేసింది. "నోరు అప్పగించడమేటి? అది నా కాడే ఉంటాది. కావలిస్తే కోర్టు దాకా అరువు పట్టికెల్లు."

సంతకానికి గంట పట్టింది. ఆ గంటలో ప్రతి మాటకీ అర్థం చెప్పాల్సి వచ్చింది. వాది అంటే నాకు అన్యాయం జరిగిందని కోర్టుకి వెళ్ళే మనిషి. ప్రతివాది అంటే దానికి జవాబు చెప్పుకోవలసిన మనిషి. "అలగైతే మా ఇంటి కాడ మా ముసిలోడు వాది, నాను రోజూ ప్రతివాదిని," అంది. ఇంజంక్షన్ అంటే ఫలానా పని చెయ్యొద్దని కోర్టు చెయ్యి అడ్డం పెట్టడం. ఎక్స్‌పార్టీ అంటే అవతలివాడు రాకపోతే వాడు లేకుండానే తీర్పు చెప్పెయ్యడం.

ఈ చివరిది వాళ్ళకి మహా నచ్చింది. వారం తిరగకుండా గుల్లలపేటలో చట్టం ఇంటింటికీ పాకిపోయింది. లక్ష్మమ్మ మొగుడు తాగొచ్చి పడుకుంటే, పక్కింటివాళ్ళని పిలిచి, కొత్త వల ఎవరిదన్న తగువు ఎక్స్‌పార్టీ చేసేసింది. పొద్దున్న లేచేసరికి ఆ వల బావమరిది ఇంట్లో ఉంది. కొత్త కోడలు రజని, చేపల కూరలో అత్త రెండోసారి ఉప్పు వెయ్యకుండా ఇంజంక్షన్ పెట్టింది. ఆ అత్త నాకు ఫోన్ చేసి, దానిమీద అప్పీలుకెళ్ళొచ్చా అని అడిగింది. పెట్టెయ్యమ్మా ఫోను అన్నాను. చెప్పాను కదా, నాకు కోపం ఎక్కువ.

నవ్వులాటకి అలా ఉన్నారు గానీ, కేసు నవ్వులాట కాదు. గుల్లలపేట నుంచి తారు రోడ్డుకి దగ్గరి దారి ఒక్కటే. అది నీలకంఠం గారి కొబ్బరితోట మధ్యలోంచి పోతుంది. వేకువన పడవలు ఒడ్డుకి రాగానే ఆడవాళ్ళు చేపలు గంపలకెత్తుకుని, ఆ తోటలోంచి రోడ్డెక్కి, ఆటో పట్టుకుని పూండి స్టేషన్లో పొద్దుటి బండి అందుకుంటారు. బండి తప్పితే బేరం తప్పినట్టే. ఇంకో దారి ఉంది, గెడ్డ, అంటే వాగు, చుట్టూ తిరిగి ఇసకలో పోవాలి. అంత దూరం గంప నెత్తిన పెట్టుకుని నడిచేసరికి బండి పలాస దాటుతుంది, చేప మెత్తబడుతుంది. పైగా సింహాచలమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. తోట దారి మూసేస్తే ఆవిడ గంప చూరుకి వేలాడదీసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇంట్లో కూర్చున్న సింహాచలమ్మని నేను ఊహించలేను. ఆవిడ మొగుడైతే ఆ మాటెత్తితేనే సముద్రం వైపు చూసేవాడు.

నీలకంఠం గారు చెడ్డమనిషి కారు. కొబ్బరి, జీడిమామిడి తప్ప ఇంకో లోకం తెలియని రైతు. ఎవరో చుట్టం విశాఖపట్నం నుంచి వచ్చి, తోటలో నాలుగు కాటేజీలు కడితే సముద్రపు గాలికి జనం ఎగబడి వస్తారని చెవిలో వేశాడు. సముద్రపు గాలికి వచ్చేవాళ్ళకి సముద్రపు చేప వాసన పడదట. దాంతో తోట చుట్టూ ముళ్ళకంచె వేయించి, దారికి ఇనప గేటు పెట్టించారు. తాళం పడేలోగా మేం కోర్టుకి వెళ్ళాం. కోర్టు తరఫున ఒకరు వచ్చి స్థలం చూసేదాకా గేటు తీసే ఉంచమని ఉత్తర్వు వచ్చింది.

అప్పటిదాకా బాగానే ఉంది. నీలకంఠం గారి వకీలు మురళీమోహన్ దాఖలు చేసిన జవాబు చదివాక నాకు అన్నం సయించలేదు. ఆయన రాసిందేమిటంటే: ఈ ఆడవాళ్ళు ఏనాడూ నేరుగా తోటలోకి రాలేదు. ఏళ్ళ తరబడి గేటు దగ్గర, గేటు లేనప్పుడు తోట మొదట్లో, ఆగి లోపలికి కేక వేసేవారు. లోపలి నుంచి మా క్లయింటు మనుషులు "వెళ్ళండి" అన్నాకే అడుగు పెట్టేవారు. అంటే అనుమతి తీసుకునేవారు. కాబట్టి ఇది హక్కు కాదు, లైసెన్సు.

సింహాచలమ్మని పిలిపించాను. రజని కూడా వచ్చింది.

"పిన్నీ, జాగ్రత్తగా విను. ఇరవై ఏళ్ళకి పైగా ఒక దారిలో బాహాటంగా, ఎవరినీ అడగకుండా, ఇది మా దారే అన్నట్టు నడిస్తే అది హక్కు అవుతుంది. ఈజ్‌మెంటు అంటారు. అడిగి నడిచావనుకో, నూరేళ్ళు నడిచినా అది లైసెన్సే. ఇచ్చినవాడు ఇవాళ ఇస్తాడు, రేపు పొమ్మంటాడు."

సింహాచలమ్మ రెండు వేళ్ళు మడిచింది. "అంటే మర్యాదగా అడిగినోడికి దారి పోతాది, అడక్కుండా దూరిపోయినోడికి దారి వత్తాది. అంతేనా?"

"చట్టం అలా అనదు."

"మరెలగంటాది?"

ఇంకోలా చెప్పడానికి చాలా ప్రయత్నించాను. "దాదాపు అలాగే అంటుంది," అన్నాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దని మాయమ్మ సెప్పీది," అంది సింహాచలమ్మ రజనితో. "ఊరు సంగతేమో గానీ, దారి మాత్రం పోతాదంట."

"అది సరే. ఈ మురళీమోహన్ రాసింది నిజమేనా? తోట మొదట్లో ఆగి కేక వేస్తారా?"

"ఏత్తాం."

"రోజూనా?"

"లోపల పనున్న రోజల్లా."

"లోపలి నుంచి ఎల్లండి అంటేనే వెళ్తారా?"

"మరి అనకుండా ఎలగెల్తామేటి?"

నేను తల పట్టుకున్నాను. ఇంతకాలం ఈ ముక్క నాతో ఒక్కరైనా అనలేదు. వలలో పడిన చేప వచ్చి, నేనే దూరానండీ అని సాక్ష్యం చెప్పినట్టుంది. "ఎందుకు పిలవడం? దారి మీదని మీరే అంటారు, మళ్ళీ ఆగి పిలవడం ఎందుకు?"

"పిలవకపోతే పాపా, నెత్తి..."

"నెత్తీ లేదు, నోరూ లేదు," అన్నాను. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. "నేను చెప్పేది విను. స్థలం చూడటానికి కోర్టు మనిషి వచ్చే రోజు మీలో ఒక్కరు కేక వేసినా కేసు పోయినట్టే. గేటు దాకా రండి, గేటు దాటండి, నడవండి. నోరెత్తకూడదు. ఒక్కరంటే ఒక్కరు."

"పాపా, ఒకపాలి ఆలోసించుకో."

"ఆలోచించుకోవడానికేం లేదు. వకీలుని నేనా, నువ్వా?"

రజని ఏదో చెప్పబోయింది. సింహాచలమ్మ దాని చెయ్యి నొక్కింది. "నువ్వే పాపా. నోరు నీకప్పగించీసినాం గదా. అలగే కానీ," అని లేచింది. వెళ్తూ వెళ్తూ ఇద్దరూ మెట్ల మీద నవ్వుకోవడం నాకు వినపడింది. కూరలో ఉప్పు సంగతి అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. కోర్టు పంపించినాయన కూర్మనాథం గారు, పెద్ద వకీలు. స్థలం కొలిచి, చూసింది చూసినట్టు రిపోర్టు రాయడం ఆయన పని. కమిషనర్ అంటారు. ఈయన పోలీసు కమిషనర్ కాదమ్మా అని గుల్లలపేటలో ఎంత చెప్పినా, లక్ష్మమ్మ మొగుడు మాత్రం ఆ పూట ఇంట్లోంచి బయటికి రాలేదు. కూర్మనాథం గారికి ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో టేపు. మురళీమోహన్ నల్ల కళ్ళద్దాలు, మెరిసే బూట్లు. నీలకంఠం గారు ఇస్త్రీ పంచె కట్టుకుని పెళ్ళికొడుకు తండ్రిలా గేటు దగ్గర నిలబడ్డారు.

తోటలో ఆ రోజు కాయ దింపుతున్నారు. తోట తన క్లయింటు స్వాధీనంలోనే ఉందని కమిషనర్ కళ్ళకి కనపడాలని మురళీమోహనే పెట్టించాడు. దింపు పనివాడు ఎల్లాజీ, మా కొబ్బరితోటల సీమ ఉద్దానంలో అతనిలా పొడుగు చెట్లు ఎక్కేవాడు లేడు. గేటుకి దగ్గరి చెట్టే ఎక్కమని, ఆడవాళ్ళు కేక వెయ్యగానే పై నుంచి "ఎల్లండి" అని గట్టిగా అరవమని, అది కమిషనర్ గారు వినాలని కూడా చెప్పారట. ఇదంతా తర్వాత టీకొట్టు దగ్గర ఎల్లాజీయే నాకు చెప్పాడు.

ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని వరసగా వచ్చారు. ముందు సింహాచలమ్మ. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక ఉన్నవాళ్ళందరూ అలాగే పెట్టుకున్నారు. వాళ్ళు నలుగురు కలిస్తే సముద్రం హోరు వినపడదు. అలాంటిది ఆ వేళ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మామూలుగా రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్ళండమ్మా," అన్నారు కూర్మనాథం గారు.

సింహాచలమ్మ నావైపు చూసింది. నేను కళ్ళు ఉరిమాను. ఆవిడ గేటు దాకా వచ్చి ఆగింది. మెడ పైకెత్తి చెట్టుని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"కేక వెయ్యరేమమ్మా, రోజూ వేస్తారుగా," అన్నాడు మురళీమోహన్.

ఎవరూ పలకలేదు. శభాష్ అనుకున్నాను. సింహాచలమ్మ గంప చంకలోకి దించుకుని, పక్కకి తప్పుకుని, ముందు మీరే నడవండి అన్నట్టు మా వకీళ్ళ ముగ్గురికీ చెయ్యి చూపించింది. ఎంత మర్యాద అనుకున్నాను. నీలకంఠం గారు మా వెనకాల గేటు మూల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. కూర్మనాథం గారు టేపు ఒక కొస పట్టుకున్నారు, మురళీమోహన్ ఇంకో కొస పట్టుకున్నాడు. దారి వెడల్పు కొలుస్తూ నాలుగడుగులు లోపలికి వేశాం.

ధభీమని ఒక గెల పడింది. సరిగ్గా ఆ ఇద్దరి మధ్య, టేపు మీద. టేపు తెగి కూర్మనాథం గారి చేతికి చుట్టుకుంది. కాయలు నాలుగు వైపులా దొర్లాయి. ఒకటి మురళీమోహన్ బూటుని ముద్దు పెట్టుకుని ఆగింది. ఆయన కళ్ళద్దాలు ఎక్కడ పడ్డాయో ఆయనకే తెలియదు. నేను నా ఫైలుని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. ఆ ఫైల్లో ఉన్న చట్టమంతా కలిపినా ఒక్క కొబ్బరికాయని ఆపదని ఆ క్షణంలో నాకు బాగా తెలిసింది.

వెనక నుంచి నీలకంఠం గారు ఫోను జేబులో పడేసి పరుగున వచ్చారు. గేటు దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయారు. ఒక్క అడుగు లోపలికి వెయ్యలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నారు.

"ఒరే ఎల్లాజీ, కింద మనుషులున్నామురో."

పైన కత్తి చప్పుడు ఆగింది. కమ్మల్లోంచి గొంతు వచ్చింది. "ఉండండి బాబూ." ఏదో సర్దుకున్న చప్పుడు. నీలకంఠం గారు గేటు అవతలే నిలబడ్డారు. మెడ పైకెత్తి ఎదురు చూస్తున్నారు. కాసేపటికి, "ఆఁ, ఎల్లండి," అంది గొంతు. అప్పుడు గానీ ఆయన కాలు లోపల పెట్టలేదు.

నా కళ్ళ ముందు కేసు మొత్తం తిరగబడి నిలబడింది.

"నీలకంఠం గారూ, ఈ తోట ఎవరిదండీ?"

"అదేటమ్మా అలగడుగుతావు. నాదే. మా తాత కాడి నుంచీ మాదే."

"మరి మీ తోటలోకి రావడానికి మీరెందుకు గేటు దగ్గర ఆగారు? ఎల్లాజీని పిలిచి, అతను ఎల్లండి అన్నాక గానీ రాలేదేం? ఎల్లాజీ మీకు లైసెన్సు ఇచ్చాడా?"

"మీరు మాట్లాడకండి," అన్నాడు మురళీమోహన్ తన క్లయింటుతో, ఇసకలో కళ్ళద్దాలు వెతుక్కుంటూ. కానీ సొంత తోటలో నడవడానికి కూలివాడు అనుమతి ఇచ్చాడా అని నలుగురి ముందూ అడిగితే, ఉద్దానం రైతు నోరు ఏ వకీలు మూయగలడు?

"లైసెన్సేటి, వాడు నాకిచ్చీదేటి," అన్నారు నీలకంఠం గారు, ముఖం ఎర్రగా చేసుకుని. "సెట్టు మీదున్నోడికి కమ్మలడ్డం, గెలలడ్డం, కింద ఎవులున్నారో కనబడదు. అందుకనీసి కింద నడిసీవోడు కేకేత్తాడు, వాడు కత్తి ఆపి ఎల్లండంటాడు. అప్పుడెల్తాం. అది అడగడం కాదమ్మా, నెత్తి కాసుకోడం. నానైనా అంతే, మా ఆడోళ్ళైనా అంతే, ఈ సేపలోళ్ళైనా అంతే. ఉద్దానంలో పుట్టినోడు ఎవుడైనా అంతే."

"ఈ చేపలవాళ్ళయినా అంతే," అని కూర్మనాథం గారు మెల్లగా రాసుకున్నారు. రాసి, పైకి చదివి వినిపించారు. "మీరన్నది ఇదేనా నీలకంఠం గారూ?"

"అదే. అందులో అబద్దమేటున్నాది?"

మురళీమోహన్‌కి కళ్ళద్దాలు దొరికాయి. పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

సింహాచలమ్మ కొంగు తీసింది. "పాపా, నా నోరు నాకిచ్చేత్తావేటి ఇప్పుడు? బండి టైమైపోతన్నాది." వెనక గంపలన్నీ ఒక్కసారి కదిలిపోయేలా నవ్వారు. కూర్మనాథం గారు కూడా గొడుగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఆయన కొలతలన్నీ అయ్యేదాకా, ప్రతి చెట్టు దగ్గరా ఆగి, పైకి చూసి, "నాయనా, కింద మనుషులున్నాం," అంటూనే నడిచారు. మురళీమోహన్ అయితే, పై నుంచి ఎల్లండి అనే మాట వినపడనిదే కదల్లేదు. "సూసావా, లాయర్లందరికీ ఎల్లాజీయే లైసెన్సు," అంది రజని.

వాళ్ళని రోడ్డు దాకా దిగబెడుతూ సింహాచలమ్మని దులిపేశాను. "ఇంత మాట ముందే చెప్పొచ్చుగా? నా తల పగిలుంటే?"

"సెప్పబోతే నెత్తీ లేదు నోరూ లేదన్నావు," అంది. "ఉన్నాదో లేదో నీకే తెలుత్తాదనీసి ఊరుకున్నాను."

"నవ్వకు పిన్నీ. నిజంగా పడుంటే?"

"నిన్ను ఆ సెట్టు కిందకి రానిచ్చినానా? గంప అడ్డం పెట్టి ఇవతలకి నెట్టలేదేటి?"

గుర్తు చేసుకుంటే నిజమే. గేటు దాటేటప్పుడు ఆవిడ గంప నా భుజాన్ని గట్టిగా ఒరుసుకుంటూ పోయింది. మంచి చీర మీద చేపనీళ్ళు పడ్డాయని అప్పుడు లోపల్లోపల తిట్టుకున్నాను. ఇప్పటికీ చెప్తున్నాను, చట్టం ప్రకారం నేను చెప్పిన అర్థం తప్పు కాదు. ఏ పుస్తకమైనా తీసి చూసుకోండి. కానీ అప్పుడు ఆ మాట పక్కన పెట్టేశాను. ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది. ఆటో కదిలేదాకా గంప కొస పట్టుకునే నిలబడ్డాను.

కూర్మనాథం గారి రిపోర్టు కోర్టులో పడింది. వాయిదాలు నడిచాయి, మురళీమోహన్ ఓపిక ఉన్నంతవరకూ వాదించాడు. చివరికి తీర్పు మావైపే వచ్చింది. ఆ దారి వాళ్ళ హక్కు, గేటు తీసెయ్యాలి, ఇకముందు అడ్డం పెట్టకూడదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. సింహాచలమ్మ మాత్రం ఆ రోజు మా ఇంటికొచ్చి, చందువా చేప ఇచ్చి, అమ్మ బేరమాడబోతే గంపెత్తుకుని పోయింది.

గేటు తీసేసిన మర్నాడు పొద్దున్నే చూడాలనిపించి వెళ్ళాను. కంచెకి గేటున్న చోట రెండు రాటలు మాత్రం మిగిలాయి. నీలకంఠం గారు ఒక్కరే తోట మొదట్లో నిలబడి, రాలిన కమ్మలు ఏరుతున్నారు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఆడవాళ్ళు గంపలతో వచ్చారు. తీర్పు కాపీ సింహాచలమ్మ రొంటినే ఉంది, నాకు కనపడుతూనే ఉంది. అయినా ఆ రాటల దగ్గరికి వచ్చి అందరూ ఆగారు. ఆవిడ మెడ పైకెత్తింది.

"కింద మనుషులున్నామో."

పైన ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. కమ్మలు గాలికి ఊగాయి, అంతే. దింపు రోజులు, పైన మనిషి ఉన్నాడో లేడో కింద నుంచి తెలియదు, వాళ్ళు నిలబడే ఉన్నారు. హక్కు రొంటిన పెట్టుకుని కూడా ఒక్కరు అడుగు వెయ్యలేదు. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నీలకంఠం గారు ఏరిన కమ్మలు కింద పడేశారు. చెట్లన్నిటినీ ఒకసారి పైకి చూశారు.

"ఇయ్యాల ఎవులూ ఎక్కనేదు," అన్నారు ఎటో చూస్తూ. "ఎల్లండి."

సింహాచలమ్మ కదల్లేదు. నావైపు తిరిగింది. కళ్ళు నవ్వుతున్నాయి గానీ, అడగడం మాత్రం నిజంగానే అడిగింది. "పాపా, ఇప్పుడీ బాబు ఎల్లండన్నాడు. ఇది లైసెన్సు కాదు గదా?"

నేను నోరు తెరిచేలోపు నీలకంఠం గారే అందుకున్నారు.

"కాదులేయే తల్లీ, బేగెల్లు. బండెల్లిపోతాది."